మట్టిగోడకు పీచు బలం

2023 జులై చివరి వారం. ఆ వానలు గుర్తున్నాయి కదూ! ఆకాశానికి చిల్లు పడ్డట్టు రోజుల తరబడి ఆగకుండా కురిశాయి. తెరిపి ఇచ్చిన రోజు పొద్దున్నే ఊరి నుంచి అత్తమ్మ ఫోను.

"వంటింటి ఎనుక గోడ పడ్డది బిడ్డా. పరేషాన్ గాకుండ్రి. గోడే గద పడ్డది, నేను పడలే!"

ఆవిడ మాట తీరే అంత. మాకు మాత్రం గుండె జారిపోయింది. సిద్దిపేట నుంచి ఆ ఊరు ఎంతో దూరం లేదు. అరగంటలో పోయి వాకిట్లో నిలబడ్డాం. గోడ బయటివైపు ఒరిగింది. లోపలివైపు ఒరిగి ఉంటే పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునే మనిషి ఏమయ్యేదో! ప్రతి వానాకాలం పేపర్లో ఏదో ఒక మూల "మట్టిగోడ కూలి వృద్ధురాలి మృతి" అని నాలుగు లైన్ల వార్త వస్తుంది. చదివి పేజీ తిప్పేస్తాం. ఆ రోజు ఆ నాలుగు లైన్లలో మా ఇంటిపేరు ఉండాల్సింది.

మా ఆయన, మా మరిది దూలాల వంక చూస్తూ సిమెంటు ఇటుకల లెక్కలు మొదలుపెట్టారు. నేనేమో కూలిన కుప్పలోంచి ఒక పెళ్ల చేతిలోకి తీసుకున్నాను. తడవని పెళ్ల. రెండు చేతులా పట్టి విరిచినా విరగలేదు. రాయితో కొడితే రెండు ముక్కలయింది గానీ ముక్కలు విడిపోలేదు, దారాలతో కుట్టినట్టు వేలాడాయి. లోపల వరిగడ్డి! మా ఆడబిడ్డ పుట్టిన ఏడు కట్టిన గోడట అది. అంటే నలభై ఏళ్లు దాటిన గడ్డి. కుళ్లలేదు, పొడి కాలేదు, పసుపు రంగైనా పూర్తిగా పోలేదు.

మరి అంత గట్టి గోడ ఎందుకు పడింది? పక్కనే చూస్తే తెలిసింది. వెనక చూరు పెంకులు నాలుగు జారిపోయి ఉన్నాయి. ఆ నీళ్లన్నీ గోడ మొదట్లో పడి, కింద మూరెడు మేర మట్టి పేస్టులా అయిపోయింది. పైన గోడ పైనంతా బాగానే ఉంది, కాళ్ల కింద నేల కరిగితే అదేం చేస్తుంది పాపం!

పొయ్యి నేర్పిన పాఠం

నేను చదివింది బి.ఏ. మట్టి గురించి మా పుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. అత్తమ్మ చదివింది రెండో తరగతి. మట్టిలో గడ్డి ఎందుకు వేస్తారని అడిగితే ఆవిడ నన్ను వింతగా చూసింది.

"పొయ్యి ఏసేటప్పుడు ఊక కలుపుతలేమా? కలుపకుంటె ఎండినంక నవ్వుతది."

నవ్వడమంటే పగుళ్లివ్వడమన్నమాట. మనలో చాలామంది చిన్నప్పుడు అమ్మమ్మలు మట్టి పొయ్యి వేయడం చూసే ఉంటారు. పుట్టమన్ను తెచ్చి, నానబెట్టి, ఊకో తరిగిన గడ్డో కలిపి, కొంచెం పెండ వేసి పిసికేవాళ్లు. వడ్లు పోసే గుమ్మికి పూసే మట్టిలోనూ అంతే. ఆ పెండలో ఉండేది కూడా ఆవు నమిలి అరిగించుకోగా మిగిలిన గడ్డి పీచే!

ఇంజనీర్లు చెప్పేదీ దాదాపు అదే, కాకపోతే కాస్త పెద్ద మాటల్లో. బంకమట్టి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. పైపొర ముందు ఆరుతుంది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది. ఈ లాగుళ్లాటలో మట్టి చిట్లుతుంది. మధ్యలో పీచు ఉంటే చిట్లబోయే చోట ఆ పోచ రెండువైపులా పట్టుకుని ఆపుతుంది. ఒక్క పెద్ద పగులు రావాల్సిన చోట కంటికి కనపడని సన్న గీతలు నాలుగు వచ్చి ఊరుకుంటాయి. ఎప్పుడైనా బరువు ఎక్కువై గోడ విరిగినా ఒక్కసారిగా భళ్లున పడదు. కాస్త వంగి, పగిలి, "లేచి బయటికి పోండి" అని చెప్పి మరీ పడుతుంది. మనిషి ప్రాణానికి ఆ నాలుగు నిమిషాలు తక్కువేం కాదు.

గడ్డి కలిపిన మట్టిని వెంటనే వాడేవాళ్లు కాదు. నీళ్లు పోసి కొన్ని రోజులు అలాగే నాననిచ్చి, కాళ్లతో తొక్కి, మళ్లీ నానబెట్టి తొక్కేవాళ్లు. ఆ నానుడులో గడ్డి కొంచెం మెత్తబడి జిగురొస్తుంది. ఆ జిగురు మట్టిని పట్టేస్తుంది. అప్పుడు ఒక్కో వరుస మూరెడు ఎత్తున పెట్టి, ఆరాక ఇంకో వరుస. ఒక ఇల్లు లేవాలంటే ఒక ఎండాకాలం పట్టేది.

ఇది మన ఒక్కరి తెలివే అనుకోనక్కర్లేదు. ఈజిప్టులో వేల ఏళ్ల నాటి పచ్చి ఇటుకల్లో గడ్డిపోచలు ఈనాటికీ కనిపిస్తాయి. ఆ దేశంలోనే హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి 1940లలో లక్సర్ దగ్గర 'న్యూ గుర్నా' అని ఒక ఊరంతా గడ్డి కలిపిన పచ్చి ఇటుకలతో కట్టించాడు. అందంగా, చల్లగా, చవకగా కట్టాడు. కానీ ఎవరి కోసం కట్టాడో వాళ్లు అందులోకి రామన్నారు! పాత ఊళ్లో వాళ్ల బతుకుతెరువు ఉంది, అది ఎవరు పట్టించుకున్నారు? ఇల్లు ఎవరికోసమో వాళ్లను అడక్కుండా ఎంత గొప్ప గోడ కట్టినా అంతే సంగతులు.

మన ఓరుగల్లులో రుద్రమదేవి కాలం నాటి మట్టికోట ఉండనే ఉంది. అంత దూరం కూడా ఎందుకు, మన జిల్లాలోని చేర్యాల నకాషీ కళాకారులు చేసే బొమ్మల ముఖాలు చూడండి. రంపపు పొట్టు, చింతగింజల జిగురు. పొట్టు పీచు పని చేస్తుంది, అంబలి పట్టు పని చేస్తుంది. సూత్రం అదే, గోడకు బదులు మాస్కు, అంతే తేడా.

చవక సరే, ఎవరికి?

మట్టి ఇల్లు చల్లన, మట్టి ఇల్లు చవక, మట్టి ఇల్లు ఆరోగ్యం... పట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని ఇలా రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చల్లదనం మాట నిజమే. మే నెలలో సిద్దిపేట ఎండకు మా స్లాబు ఇల్లు రాత్రి పదింటికి కూడా పెనంలా కాలుతూ ఉంటే, అత్తమ్మ ఇంటి అర్రలో చాప వేసుకుంటే హాయిగా నిద్రపడుతుంది. మా ఇంటికొచ్చినప్పుడల్లా "పెట్టెల బెట్టినట్టున్నది" అని ఆరుబయట పడుకుంటుంది.

కానీ ఆ చల్లదనానికి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో తెలుసా? అత్తమ్మ నడుము!

వారం వారం ఎర్రమన్ను, పెండ కలిపి నేల అలకాలి. పండుగ పండుగకు గోడలు పూయాలి. బతుకమ్మ ముందు మొత్తం ఇల్లు గోడలతో సహా అలికి, సున్నం వేసి, కింద జాజు పట్టీ వేయాలి. వానలు వెళ్లాక పగుళ్లు పూడ్చాలి. మన్ను తవ్వుకు రావాలి, మోయాలి, పిసకాలి. ఇదంతా ఆడవాళ్ల పని. మగవాళ్లు కడతారు, ఆడవాళ్లు ఏళ్ల తరబడి నిలబెడతారు. ఇంటి ఖర్చు లెక్క రాసేటప్పుడు ఇటుకలు, కలప, కూలీలు అన్నీ రాస్తారు గానీ నలభై ఏళ్ల అలుకుడు ఏ కాలంలో రాశారు?

అత్తమ్మకు మోకాళ్లు పట్టేసి ఐదారేళ్లయింది. వెనక గోడకు పూత పడక అంతే కాలమయింది. అంటే గోడ ఎందుకు కూలిందో ఇప్పుడు ఇంకోలా కూడా చెప్పొచ్చు. ఊళ్లో కూలిన గోడలు లెక్కపెట్టండి, చాలావరకు ఒంటరి ముసలమ్మల ఇళ్లవే ఉంటాయి.

అందుకే సిమెంటు ఇల్లు కావాలనుకునే ఆడవాళ్లను నేను తప్పు పట్టను. సిద్దిపేట దగ్గర నర్సాపూర్‌లో 2020 డిసెంబరులో డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ తెరిచినప్పుడు అక్కడికి వెళ్లిన మా పనమ్మాయి మొదట చెప్పిన సంబరం ఏమిటనుకున్నారు? "అక్కా, అలుకుడు పీడ పోయింది!" 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలోనూ సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు విడతలుగా, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీద అన్నారు. ఆ డబ్బు గోడల దగ్గరే అయిపోతే స్లాబు దాకా రావడానికి అప్పు చేయాల్సిందేనని ఊళ్లో ప్రతి వాకిట్లో వినపడే మాట. కాబట్టి గోడ చవగ్గా లేవాలి, గట్టిగా ఉండాలి, ఆడవాళ్ల నడుము విరగ్గొట్టకూడదు. ఇవి మూడూ కుదిరే దారి ఉందా అన్నదే నా ప్రశ్న.

మరమీద నొక్కిన ఇటుక

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది కదా. ఆ ఆవరణలో 1999లో గ్రామీణ సాంకేతిక పార్కు పెట్టారు. కొన్నేళ్ల కింద మహిళా సంఘం వాళ్లతో కలిసి నేనూ ఒకసారి చూసొచ్చాను. తేనెటీగలు, ఆకుల విస్తర్లు అన్నీ చూసి, చివర్లో మట్టి ఇటుకలతో కట్టిన నమూనా ఇళ్ల దగ్గర ఆగిపోయాను. అప్పుడు ముచ్చటపడి వచ్చేశానే గానీ పనికొస్తుందనుకోలేదు.

ఆ ఇటుక కాల్చింది కాదు. కొంచెం తేమ ఉన్న మట్టిలో నూటికి 5 నుంచి 8 పాళ్లు సిమెంటు కలిపి, చేతి మర మీద బలంగా నొక్కి తీస్తారు. ఈ చేతి మరకు మూలం 1950లలో దక్షిణ అమెరికాలోని కొలంబియాలో రావుల్ రమిరేజ్ అనే ఇంజనీరు తయారుచేసిన 'సిన్వా-రామ్'. పొడవాటి పిడి పట్టుకుని ఇద్దరు మనుషులు ఒరిగితే చాలు, ఇటుక తయారు. మన దేశంలో బెంగళూరు విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన 'అస్త్ర' బృందం ఇక్కడి మట్టికి తగ్గట్టు యంత్రాలు చేసింది. వాటిలో ఒకదాని పేరు 'మర్దిని'. పేరు వింటే దసరా గుర్తొస్తుంది కదూ! పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో 'ఆరం' అనే మర చేశారు. ఈ రకం ఇటుకలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 1725 అనే నంబరుతో ప్రమాణం కూడా పెట్టింది, 2013లో దాన్ని సవరించింది. అంటే ఇదేదో పిచ్చివాళ్ల పని అని కొట్టిపారేయడానికి లేదు.

కాల్చే పని లేదు కాబట్టి బట్టీ లేదు, బొగ్గు లేదు, కట్టెలు లేవు. మన వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి, ముందే తీసుకున్న బయానా తీరేదాకా మట్టి పిసికే కుటుంబాలను చూసినవాళ్లకు ఆ 'బట్టీ లేదు' అన్న మాట విలువ తెలుస్తుంది.

ఇందులో పీచు కలిపితే? సిమెంటు నీళ్లకు కరగకుండా కాపాడుతుంది. పీచు పగలకుండా కాపాడుతుంది. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. ఇది నాకు అర్థం కావడానికి నలభై ఇటుకలు పాడు చేసుకోవాల్సి వచ్చింది!

నా నలభై ఇటుకలు

సిమెంటు ఇటుకలు తెచ్చేస్తామని అన్నదమ్ములు, పాత గోడే మళ్లీ పెట్టించమని అత్తమ్మ. మధ్యలో నేను, "ఒక్క గోడ. నాకు వదిలేయండి" అన్నాను. కథలు రాసుకునే దానికి గోడలెందుకని మరిది నవ్వాడు. దసరాకు వానలు పూర్తిగా వెనకబడ్డాయి. డిసెంబరులో పని మొదలుపెట్టాం.

ముందు మట్టి సంగతి తేలాలి. అత్తమ్మ ఊళ్లో రెండు రకాలూ ఉన్నాయి, రేగడి, చెలక. రేగడితో ఇటుకలు పోయకూడదు, తడిస్తే ఉబ్బి ఎండితే బీటలిచ్చే గుణం దానిది. చెలక మన్నే నయం. అయినా అనుమానం తీరాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. పచ్చడి సీసా ఒకటి తీసుకుని మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దానిమీద ఒండు, ఆ పైన బంకమట్టి పొరలు పొరలుగా తేరుకుంటాయి. సిమెంటుతో చేసే ఇటుకకు సగం దాకా ఇసుక, అయిదో వంతు బంక ఉంటే మేలంటారు. బంక ఎక్కువైతే ఇసుక కలపాలి, లేదా సిమెంటు బదులు సున్నం వాడాలి. ఇంకో పరీక్ష ఇంకా తేలిక. తడి మట్టిని జంతికలంత లావు తాడులా చేసి బల్ల అంచు మీదుగా మెల్లగా బయటికి తోయండి. రెండంగుళాల లోపే తెగితే బంక చాలదు, ఆరంగుళాలు దాటినా తెగకపోతే బంక ఎక్కువ. చపాతీ పిండి తడపడం వచ్చిన వాళ్లెవరికైనా ఈ పరీక్ష వచ్చేసినట్టే.

మట్టి బాగానే ఉందని తేలింది. ఇక పీచు. వరిగడ్డి ఉండనే ఉంది. చేతి మర ఒకటి అద్దెకు దొరికింది. గడ్డి ఎక్కువైతే బలం ఎక్కువే కదా అని నేను దోసిళ్లకు దోసిళ్లు వేయించాను. అత్తమ్మ చూస్తూనే ఉంది. "గంత గడ్డి ఎందుకే, ఎడ్లకు పెడుతున్నవా?" అని ఒక మాట అంది. నేను వినలేదు.

మర లోంచి తీసిన మొదటి ఇటుక చూడ్డానికి ముద్దుగా ఉంది. రెండు నిమిషాలకు నా కళ్ల ముందే ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. అడ్డంగా, పుస్తకం పేజీల్లా పొరలు విడింది. గడ్డికి స్ప్రింగు గుణం ఉందని, నొక్కి వదిలితే మళ్లీ లేస్తుందని నాకేం తెలుసు! ఎక్కువైన పోచలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండలు కట్టాయి, ఆ ఉండల చుట్టూ మట్టి అంటలేదు. నలభై ఇటుకల్లో చేత్తో ఎత్తితే నిలిచినవి ఆరు. సుతారి మర్యాదస్తుడు, నవ్వకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎంత ఎయ్యాలె మరి?" అన్నాను అత్తమ్మతో. "చెయ్యి చెప్తది" అంది. నా చెయ్యి ఇంకా ఆ భాష నేర్వలేదు కాబట్టి తర్వాత చదివి, అడిగి తెలుసుకున్న లెక్క చెబుతాను. 20 కిలోల మట్టికి పీచు 100 గ్రాములు. మహా అయితే 200. అంతకు మించితే ఇటుకకు బరువు మోసే బలం తగ్గిపోతుంది. పోచ పొడవు రెండంగుళాల లోపు. పొడి మట్టిలోనే పీచును చేత్తో చల్లుతూ, విడదీస్తూ కలపాలి, నీళ్లు ఆ తర్వాత. తిరగమోతలో ఆవాలు వేసినంతే అనుకోండి, కూరంతా ఆవాలు కాకూడదు!

రెండోసారి కొబ్బరి పీచు ఎంచుకున్నాం. ఎందుకంటే గడ్డి, జనపనారల కన్నా కొబ్బరి పీచులో కట్టెతనం ఎక్కువ, తొందరగా చివకదు. సిమెంటు కలిసిన చోట మెత్తటి నారలు కొన్నేళ్లకు పెళుసైపోతాయట, కొబ్బరి పీచు కొంత తట్టుకుంటుంది. కోనసీమ దాకా పోవాలా అన్నాడు మా ఆయన. ఎందుకూ, కొమురవెల్లి మల్లన్న దగ్గర కొట్టే కొబ్బరికాయలెన్ని! సిద్దిపేట బజార్లో బోండాల బండ్ల వెనక పారేసే డిప్పలెన్ని! రెండు బస్తాలు ఊరికే ఇచ్చారు, పైగా తీసుకుపోయినందుకు సంతోషించారు. ఎండబెట్టి, నానబెట్టి, కర్రతో కొట్టి పీచు తీశాం. ఇక్కడొక జాగ్రత్త ఉంది. పీచును రెండు మూడు నీళ్లలో బాగా కడగాలి. అందులోంచి దిగే ఎర్రటి కషాయం ఉంటే సిమెంటు సరిగా గట్టిపడదు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఆరబెట్టాం.

గోగునార కూడా బాగుంటుందన్నారు. మనం పుంటికూర అంటామే, ఆ జాతి చెట్టు కాడలు నానబెట్టి తీసే నార. ఒకప్పుడు ప్రతి ఇంట్లో తాళ్లు పేనేవాళ్లు, ఇప్పుడు ఆకు పప్పులోకి, కాడ పెంటలోకి. దొరికితే వాడి చూడాలని ఉంది. చిరిగిన గోనె సంచుల దారాలు కత్తిరించి వాడినవాళ్లూ ఉన్నారు.

ఫిబ్రవరిలో మళ్లీ పోశాం. నీడలో పరిచి, గోనె పట్టాలు కప్పి, రోజూ తడుపుతూ నాలుగు వారాలు ఉంచాం. తడపడం అత్తమ్మ డ్యూటీ, ఎవరూ చెప్పకుండానే తీసుకుంది. పసిపిల్లలకు నీళ్లు పోసినట్టు పోసేది. తర్వాత ఒక ఇటుకను, పాత గోడ పెళ్లను చెరో బకెట్లో రాత్రంతా నానబెట్టాం. తెల్లారేసరికి పాత పెళ్ల బకెట్ అడుగున బురద. పైన గడ్డి తేలుతోంది. కొత్త ఇటుక ఇటుకలాగే ఉంది. ఆ బురద చూసి అత్తమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. నలభై ఏళ్లు తన చేతులు తిరిగిన గోడ అది.

గోడ ఒక్కటే కాదు

గోడ లేపేటప్పుడు సుతారి మాట అక్షరాలా విన్నాం. నేల మీంచి రెండడుగుల ఎత్తు దాకా బండరాళ్లు, సిమెంటు. మట్టి ఇటుక నేలను తాకకూడదు. చెదలకు, తేమకు రెంటికీ అదే మందు. ఇటుకల మధ్య ఉత్త సిమెంటు కాకుండా ఇసుక, ఎర్రమట్టి, కొంచెం సిమెంటు కలిపిన అడుసు పెట్టించాడు. మట్టి ఇటుక మధ్య మరీ గట్టి సిమెంటు పెడితే ఆ రెండూ కలిసి కాపురం చేయవట! గోడ పైన చుట్టూ ఒక పట్టీ పోయించాడు. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపంలో అన్ని వేల మంది చనిపోవడానికి కారణం మట్టి ఒక్కటే కాదని, లావాటి రాతిగోడలకు ఒకదానికొకటి పట్టు లేకపోవడం, పైన మోయలేనంత మట్టి కప్పు ఉండటమేనని ఆయనే చెప్పాడు. చదువుకోలేదంటాడు గానీ ఆ మాటలు ఏ ఇంజనీరింగు పుస్తకానికీ తీసిపోవు. చివరగా చూరు. రెండడుగులు బయటికి దించాం, జారిన పెంకులన్నీ మార్పించాం.

ఖర్చు మాటకొస్తే, ఇటుకల వరకు మిగిలింది, కూలీలో కొంత పోయింది. నా నలభై ఇటుకలు కూడా లెక్కలో వేసుకుంటే మిగిలిందని గట్టిగా చెప్పడానికి నోరు రావడం లేదు. పది ఇళ్ల వాళ్లు కలిసి ఒక మర తెచ్చుకుని, మహిళా సంఘం తరఫున పోసుకుంటే తప్ప ఒక్క గోడకు ఇది గిట్టుబాటు కాదు. మట్టి ఊళ్లోదే కావాలి, బండి కిరాయిలు పెట్టి మొరం తోలించుకుంటే చవకతనం దారిలోనే కారిపోతుంది. మిద్దె మీద మిద్దె కట్టే ఆలోచన ఉన్నవాళ్లు ఇంజనీరును అడక్కుండా ఈ పనికి దిగొద్దు. పీచు వేశాం కదా అని పూత లేకుండా, చూరు లేకుండా వదిలేసినా తిప్పలే.

2024 వానాకాలం గోడకు మొదటి పరీక్ష. ఏం కాలేదు. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి వైపు కుండపోతగా కురిసి ఊళ్లకు ఊళ్లు మునిగినప్పుడు మాకు రాత్రంతా నిద్ర లేదు. అత్తమ్మను సిద్దిపేట రమ్మంటే రాలేదు. పొద్దున ఫోను చేస్తే, "మీ గోడ మంచిగనే ఉన్నది, మా గోడనే జర ఉరుస్తున్నది" అంది. మా గోడంటే మిగిలిన మూడు పాత గోడలు! వెళ్లి చూస్తే కొత్త గోడకు ఒక మూల, చూరు నీళ్లు చిందే చోట పూత పెచ్చు లేచింది. లోపల ఇటుకలో కొబ్బరి పీచు కొసలు రెండు మీసాల్లా బయటికొచ్చాయి. అంతే.

ఆ గోడను అలకక్కర్లేదని అత్తమ్మకు ఎన్నిసార్లో చెప్పాను. మొన్న బతుకమ్మకు పోయేసరికి కింద జాజు పట్టీ, పైన సున్నం చుక్కలు! "అలుకలే బిడ్డా, బొట్టు పెట్టిన" అంది.

మిగిలిన ఇటుకలు పది ఉంటే తొమ్మిది నీళ్ల గోళెం కింద పేర్చింది. ఒక్కటి మాత్రం వాకిట్లో, ఏ నీడా లేకుండా, ఎండకు వానకు వదిలేసింది. ఎందుకంటే చెప్పదు. రోజూ పొద్దున సాన్పి చల్లేటప్పుడు దాని మీద కూడా ఇన్ని నీళ్లు చిలకరించి, చీపురు కట్టతో ఒకసారి తట్టి చూస్తుంది. రెండు వానాకాలాలు గడిచాయి. ఒక అంచు గుండ్రంగా అరిగింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చినప్పుడల్లా దాన్ని కాలితో కదిపి చూసి పోతున్నారు. ఇందిరమ్మ ఇంటి బిల్లు కోసం ఎదురుచూస్తున్న ఎదురింటి కోడలు మాత్రం నిన్న ఫోను చేసి అడిగింది, "అక్కా, పీచు తట్టెడు మట్టికి ఎంత ఎయ్యాలన్నవ్?"